నాన్నగారి భోజన ప్రార్థన

మా ఇంట్లో భోజనానికి ముందు ప్రార్థన చెయ్యడం ఇంటిపెద్ద పని. ఆయన ఇంట్లో ఉండగా ఇంకెవరూ ఆ పని చెయ్యకూడదు. ఈ పద్ధతి మా ముత్తాతగారు పెట్టారు. ఆయన ఊరి మునసబు. క్రీస్తును నమ్ముకున్నాక కూడా మునసబుతనం వదల్లేదు. చర్చికి స్థలం ఇచ్చారు, ముందు బెంచీ మా కుటుంబానికి ఉంచారు, దేవుడికి కృతజ్ఞత చెప్పే పని తన చేతిలో పెట్టుకున్నారు. ఆయన పోయాక అది తాతగారికి వచ్చింది, తాతగారు పోయాక నాన్నగారికి. ప్రభుత్వం మునసబు ఉద్యోగాలు తీసేసి చాలా ఏళ్ళయినా ఊళ్ళో మమ్మల్ని మునసబుగారి వాళ్ళు అనే అనేవారు. మేం కాదనలేదు.

నాన్నగారి ప్రార్థన వినితీరాలి. ఆయన గొంతు పెద్దది కాదు. వేసవి దాటి కాలవలకి నీళ్ళు వదిలిన రోజున చేలోని బోదెలోకి నీరు పాకివచ్చినట్టు, తొందర లేకుండా వచ్చేది. కళ్ళు మూసుకునే ముందు బల్ల మీద ఉన్నవన్నీ ఒకసారి చూసుకునేవారు. ఆ తర్వాత ఒక్కొక్కదాన్నీ పేరుపెట్టి చెప్పేవారు. "ప్రభువా, ఈ అన్నం కోసం, ఈ మామిడికాయ పప్పు కోసం, ఈ కొర్రమీను పులుసు కోసం, ఈ దోసావకాయ కోసం, మా గేదె ఇచ్చిన పెరుగు కోసం నీకు స్తోత్రం." నాకు ఆకలేసి ఒక కన్ను తెరిస్తే అమ్మ కొంగు ముసుగులోంచే కనిపెట్టి తొడ మీద గిల్లేది. ఒకసారి అమ్మ పులుసులో ఉప్పు మర్చిపోయింది. వంటింట్లో రుచి చూసిన నాన్నగారికి ఆ సంగతి ముందే తెలుసు. "ఉప్పు కోసం ఎదురుచూస్తున్న ఈ పులుసు కోసం కూడా స్తోత్రం" అన్నారు. అమ్మ ఆమెన్ అనబోయి పక్కున నవ్వేసింది.

"దేవుడి దగ్గర కూడా నా పరువు తియ్యాలా అండీ?"

"తియ్యలేదు. కృతజ్ఞతే చెప్పాను."

నేను ఒక్కతే కూతుర్ని. ఈ పని ఎప్పుడో ఒకప్పుడు నాకే వస్తుందని తెలుసు. దానికి తొందర లేదనుకునేదాన్ని.

తొంభైల మొదట్లో మా వైపు వరిచేలు ఒక్కొక్కటే రొయ్యల చెరువులయ్యాయి. నాన్నగారు రెండు మూడేళ్ళు ఆగారు. పక్క చెరువుల ఉప్పునీరు మా చేలోకి దిగి వరి ఎర్రబారడం మొదలయ్యాక ఇంక ఆగలేక తవ్వించారు. మొదటి పంట బాగా వచ్చింది. రెండోది ఇంకా బాగా పెరిగింది. వల వేసి రొయ్యను పట్టే రోజును పట్టుబడి అంటారు. ఆ పట్టుబడికి ఇంకో వారం ఉందనగా నాన్నగారు కృతజ్ఞత కూడిక పెడతానన్నారు.

బిడ్డ పుట్టినా, ఇల్లు కట్టినా, జబ్బు తగ్గినా చర్చి సంఘం వాళ్ళని పిలిచి, కూడిక పెట్టి, నలుగురిలో దేవుణ్ణి స్తుతించి భోజనాలు పెట్టడం మా వాళ్ళలో ఉన్నదే. మేలు జరిగాక పెడతారు. ఎవరూ ముందు పెట్టరు.

"పట్టుబడి అయ్యాక పెడదామండీ" అంది అమ్మ.

"అయ్యాక అయితే అందరూ చెబుతారు. కాటా మీద తూకం చూసుకుని చెప్పేదీ ఒక కృతజ్ఞతేనా?"

"దేవుడికి లేని తొందర మీకెందుకు?"

"నమ్మినవాడు ముందే చెబుతాడు" అన్నారు నాన్నగారు.

చెరువు గట్టు మీదే షామియానా వేశారు. చర్చి నుంచి హార్మోనియం తెచ్చారు. ప్రార్థన వినపడాలని నీళ్ళు చిలికే ఏరియేటర్లు కాసేపు ఆపించారు. అవి ఆగేసరికి అంత పెద్ద నీళ్ళు ఒక్కసారి నిశ్శబ్దమైపోవడం నాకు గుర్తుంది. నాన్నగారు తెల్లపంచెలో నీటివైపు తిరిగి నిలబడి, "ప్రభువా, ఇంకా మా చేతికి రాని దీని కోసం నీకు స్తోత్రం" అని మొదలుపెట్టారు. ఆ రోజు ఆయన గొంతు ఎంత బాగుందో చెప్పలేను. కోడికూర వడ్డిస్తున్న ఆడవాళ్ళు కూడా గరిటెలు పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

ఆ వారం తిరక్కుండానే రొయ్యలు గట్టు పక్కకి వచ్చాయి. బాగున్న రొయ్య అడుగున ఉంటుంది. పట్టపగలు అంచుకి వచ్చి తేలిందంటే దానికి రోగం వచ్చినట్టే. తలమీద తెల్ల మచ్చలు. మా చెరువులకే కాదు, కాలవకి అటూ ఇటూ అందరికీ వచ్చింది. కానీ కూడిక పెట్టింది మేమొక్కరమే.

ఆదివారం చర్చి మెట్ల మీద వరసకి పెదనాన్న అయ్యే ఆయన నాన్నగారి భుజం మీద చెయ్యి వేశాడు. "ఏరా తమ్ముడూ, దేవుడికి అడ్వాన్సు ఇచ్చావు బానే ఉంది. రసీదు తీసుకున్నావా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాన్నగారు కూడా నవ్వారు. నేను నవ్వలేదు. వెనక్కి తిరిగి ఒక్కొక్కళ్ళ మొహమూ చూశాను. మా బల్ల దగ్గర కూర్చుని తినని మొహం అందులో ఒక్కటీ లేదు.

నాన్నగారు మొండిగా ఇంకో రెండు పంటలు వేశారు. అవీ పోయాయి. చేలు పోయాయి, తర్వాత ఇల్లు పోయింది. ఎవరు కొన్నారో రాయను, మర్యాదస్తులే. మేం భీమవరం వచ్చి ఐసు ఫ్యాక్టరీ వెనక సందులో రెండు గదుల వాటాలో దిగాం. నాన్నగారు రొయ్యల మేత అమ్మే కొట్లో గుమస్తాగా చేరారు. సాయంత్రం ఇంటికి వస్తే చొక్కాకి ఎండుచేపల పొడి వాసన. అది ఎంత ఉతికినా పోయేది కాదు. చొక్కా మాత్రం ఇస్త్రీ లేకుండా ఏ రోజూ వేసుకోలేదు. ఆయన మమ్మల్ని ఎవరి గుమ్మం ముందూ నిలబెట్టలేదు. మేమూ నిలబడలేదు.

ఆ వాటాలో మొదటి రోజు భోజనం నేల మీద చాప వేసుకుని తిన్నాం. అన్నం, వంకాయ కూర, చారు. అమ్మ కొంగు తలమీదకి లాక్కుంది. నేను కళ్ళు మూసుకున్నాను. ఐసు దిమ్మలు మరలో పడి నలుగుతున్న చప్పుడు వినపడుతోంది. ఎదురుచూశాను. కాసేపటికి కళ్ళు తెరిస్తే నాన్నగారు అన్నంవైపు చూస్తూ కూర్చున్నారు. తర్వాత కూర కలుపుకుని తినడం మొదలుపెట్టారు.

అమ్మ ముసుగు తియ్యలేదు, కంచం ముట్టుకోలేదు. "మీరు తినండి, నేను చారు వేడి చేస్తాను" అని లేచి వెళ్ళింది. చారు పొగలు కక్కుతూనే ఉంది.

ఆ రోజు నుంచి అదే అలవాటైంది. నాన్నగారు తిని లేచాక అమ్మ వంటింట్లో గోడవైపు తిరిగి కూర్చుని, పెదవులు కదిలించి, అప్పుడు తినేది. నేను నాన్నగారితోనే తినేదాన్ని, ప్రార్థన లేకుండానే. ఆయన ఒక్కరే అలా తింటే ఆయన ఒక్కరే ఏదో చెయ్యకూడనిది చేస్తున్నట్టు ఉంటుంది. మా ఇంట్లో నేనుండగా అలా జరగనివ్వను. అప్పుడు ఇంటర్ చదువుతున్నాను. వయసు చిన్నదే, పట్టుదల మాత్రం ఇప్పుడున్నంతే ఉంది.

చర్చికి మానలేదు. భీమవరంలో ఎవరికీ మేమెవరమో తెలియదు కాబట్టి ఏ బెంచీలోనైనా కూర్చోవచ్చు. నాన్నగారు చివరిది ఎంచుకున్నారు. కీర్తన పాడేటప్పుడు పుస్తకం తెరిచి పట్టుకునేవారు. పెదవులు కదిలేవి కావు.

ఓ ఆదివారం అక్కడి పాస్టరు అయ్యగారు మా ఇంటికి భోజనానికి వచ్చారు. అమ్మ ఎక్కడ తెచ్చిందో పండుగప్ప చేప తెచ్చి పులుసు పెట్టింది. అందరం చాపమీద కూర్చున్నాం. అయ్యగారు ప్రార్థనకి నాన్నగారివైపు చూశారు.

"అన్నగారూ, మీ ఇల్లు. మీరే చెయ్యండి."

"మీరుండగా నేనెందుకండీ. కానివ్వండి."

"లేదండీ, ఇంటిపెద్దలు మీరు."

"అయ్యగారూ, పులుసు చల్లారిపోతుందండీ" అన్నారు నాన్నగారు.

అయ్యగారు ఇంక ఆగలేదు. ఒకసారి మొదలుపెట్టాక మళ్ళీ ఆగలేదు. ఉన్న స్థితి నుంచి లేని స్థితికి వచ్చిన ఈ కుటుంబాన్ని చూడమన్నారు. చెరువులు పోయినా, భూములు పోయినా, ఇల్లు పోయినా నిన్ను విడువని ఈ కుటుంబాన్ని జ్ఞాపకం చేసుకోమన్నారు. ఏదీ వదలకుండా వరసగా చెప్పారు. మంచిమనసుతోనే అన్నారని నాకు తెలుసు. అయినా నాకు వినబుద్ధి కాలేదు. మాకేం పోయిందో మాకు తెలుసు, దేవుడికి తెలుసు. చేపల పులుసు ముందు పెట్టుకుని ఇంకోసారి చదవక్కర్లేదు. నాన్నగారు నెమ్మదిగా తలూపుతూ విన్నారు.

అయ్యగారు వెళ్ళాక చాప దులుపుతూ, "మంచాయన" అన్నారు. "మన చెరువులన్నిటినీ ఇంకోసారి ఎండగట్టి వెళ్ళారు."

అమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. గిన్నెలు తోముతున్న అమ్మ పక్కన కూర్చున్నాను.

"నువ్వైనా పైకి చెయ్యొచ్చు కదమ్మా."

"ఆయన కూర్చుని ఉండగానా?"

"ఆయన చెయ్యడం లేదు కదా."

"నేను మొదలెడితే ఆ చోటు కూడా పోయినట్టే. పొలం పోయింది, ఇల్లు పోయింది. మిగిలింది నన్ను తీసుకోమంటావా?"

"మరి వంటింట్లో నువ్వేం చెప్పుకుంటావు? దేనికని స్తోత్రం చెబుతావు?"

అమ్మ కాసేపు గిన్నె తోమింది. "ఈ పూట ఆయన ఇంటికొచ్చారు" అంది.

చెరువులు పోయిన ఆ ఏళ్ళలో గట్టు మీదకని వెళ్ళి ఇంటికి రాని మగవాళ్ళు మా వైపు ఉన్నారు. వాళ్ళ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు.

"అన్నం వార్చి గుమ్మంవైపు చెవి పెట్టుకుని కూర్చుంటానే" అంది అమ్మ. "చెప్పులు విప్పిన చప్పుడు వినపడగానే నా ప్రార్థన అయిపోతుంది. తినేముందు చేసేది రెండోసారి. కష్టంలో స్తోత్రం ఎలా చెయ్యాలా అని అడుగుతారు అందరూ. నాకైతే బాగున్న రోజుల్లోనే మాటల కోసం వెతుక్కోవాల్సి వచ్చేది. ఇప్పుడు వెతుక్కోనక్కర్లేదు."

అమ్మకి ఆయన ఇంటికి వస్తే చాలు. నాకు చాలలేదు. నాకు ఆ గొంతు కావాలి. పప్పుని పప్పని, చారుని చారని దేవుడికి పరిచయం చేసే ఆ గొంతు. అది ఒక్కసారి వినపడితే ఈ రెండు గదులే మునసబుగారి ఇల్లు అయిపోతాయని నా నమ్మకం. ఐసు మర చప్పుడూ, మేత వాసనా, ఏవీ అడ్డు రావనుకునేదాన్ని.

డిగ్రీ అయ్యి ఒక ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేరాను. మొదటి జీతంతో కొర్రమీను తెచ్చి, అమ్మ చేత మామిడికాయ పప్పు చేయించి, పాత ఇంట్లో బల్ల మీద ఉండే వరసలోనే అన్నీ చాప మీద పెట్టాను. నాన్నగారు కూర్చున్నారు. అన్నిటివైపూ చూశారు. పాతరోజుల్లో చూసినట్టే, ఆ చివర నుంచి ఈ చివరకి. గుమ్మం దగ్గర అమ్మ కొంగు లాక్కోవడం కనపడింది. నాన్నగారి కళ్ళు మూతపడ్డాయి. గొంతు దగ్గర ఏదో కదిలింది. తర్వాత కళ్ళు తెరిచారు.

"చేప మంచిది దొరికిందమ్మాయ్" అన్నారు. చెయ్యి అన్నంలోకి వెళ్ళింది.

ఆ పూట నేను తిన్నానో లేదో గుర్తులేదు.

తర్వాతి వానాకాలంలో అమ్మకి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే, కానీ మంచం దిగనివ్వలేదు. ఆదివారం మధ్యాహ్నం నేనే వండాను. నేను చదువుకున్నదాన్ని, వంటలో నా చదువు పనికిరాదు. పప్పు మాడింది. పెరుగు, ఊరమిరపకాయలు ఉన్నాయి కదా అని ధైర్యం తెచ్చుకున్నాను. నాన్నగారికి వడ్డించి నేనూ ఎదురుగా కూర్చున్నాను.

ఆయన కంచం ముట్టుకోలేదు.

"చెయ్యమ్మాయ్" అన్నారు.

"ఏంటి నాన్నగారూ?"

"ప్రార్థన. నువ్వు చెయ్యి."

నేను ఆయనవైపు చూశాను. "మీరున్నారు కదండీ."

"ఉన్నాను. వింటాను."

నాకు ఏడుపు రావలసింది, కోపం వచ్చింది. "మీరు చెయ్యందే నేను తినను."

"అయితే ఇద్దరికీ పస్తే" అన్నారు ఆయన. చేతులు ఒళ్ళో పెట్టుకుని నిటారుగా కూర్చున్నారు. నేనూ అలాగే కూర్చున్నాను. అలా కూర్చోవడం నాకు ఆయన దగ్గరే వచ్చింది. పప్పు మీద తెట్టు కట్టడం మొదలైంది.

లోపల్నుంచి అమ్మ గొంతు వినపడింది. "నాకు జావ ఎవరైనా ఇస్తారా? తండ్రీకూతుళ్ళ పంతం తీరేదాకా నాక్కూడా ఉపవాసమేనా?"

నాన్నగారి పెదవుల మీద నవ్వులాంటిది వచ్చి పోయింది. అప్పుడు చెప్పారు. ఎప్పుడూ నాతో అంత సేపు మాట్లాడలేదు.

"నేను దేవుడి మీద అలిగాననుకుంటున్నావు."

"కాదా అండీ?"

"కాదు. ఆ రోజు గట్టు మీద చెప్పాను. నలుగురిలో చెప్పాను, చేతికి రాకముందే చెప్పాను. అది రాలేదు. అయినా అన్నమాట వెనక్కి తీసుకోలేదు నేను. ఎంతమంది నవ్వినా తీసుకోలేదు. అది అలాగే ఉంది."

"మరి అన్నానికో?"

"అన్నానికి చెప్పాలనే కళ్ళు మూసుకుంటాను. గొంతులోకి ఆ గట్టు మీది మాటలే వస్తాయి. అవి ఇంకోసారి అనలేను. అవి దాటితే గానీ వేరే మాట రాదు." కాస్త ఆగి, "మీ అమ్మ ఇన్నాళ్ళు నా కోసం గోడ చూసుకుంటూ తింది. అది చాలు. నువ్వు చెయ్యి" అన్నారు.

ఆయన ఏమిస్తున్నారో నాకు తెలుసు. మా ఇంట్లో ఆ పని ఒకరి నుంచి ఒకరికి చేరడం ఎప్పుడూ చావు తర్వాతే జరిగింది. ఒకసారి చేరాక వెనక్కి వెళ్ళదు. నేను నోరు తెరిస్తే ఆయన గొంతు ఇంక వినను. తెరవకపోతే అమ్మ అలాగే గోడవైపు తిరిగి తింటుంది, ఆయన అలాగే ప్రతి పూటా కళ్ళు మూసుకుని ఆ గట్టు మీదకి వెళ్ళి వస్తారు. నాకు కావలసింది పట్టుకుని కూర్చోవాలా, ఆయనకి కావలసింది ఇవ్వాలా అన్నది ఆ మాడిన పప్పు ముందు నేను తేల్చుకోవాలి.

చున్నీ తలమీద వేసుకున్నాను.

"ప్రభువా," అన్నాను. నా గొంతు నాకే పరాయిగా వినపడింది. "ఈ అన్నం కోసం స్తోత్రం. మాడిన ఈ పప్పు కోసం స్తోత్రం. పెరుగు కోసం, ఊరమిరపకాయల కోసం. లోపల అమ్మ అరవగలుగుతున్నందుకు." ఇంకేం చెప్పాలో తోచలేదు. "నాన్నగారు ఇక్కడ కూర్చున్నందుకు" అన్నాను.

"ఆమెన్" అన్నారు నాన్నగారు.

లోపల్నుంచి అమ్మ కూడా అంది, కాస్త ఆలస్యంగా. ముసుగు సర్దుకుంటూ ఉండి ఉంటుంది. నేను లేచి ముందు ఆవిడకి జావ ఇచ్చి వచ్చాను. నాన్నగారు అప్పటిదాకా తినకుండా కూర్చున్నారు. తర్వాత మాడిన పప్పు రెండోసారి వడ్డించుకుని తిన్నారు.

జ్వరం తగ్గాక అమ్మ కూడా కంచం పట్టుకుని చాప మీదకి వచ్చింది. ముగ్గురం ఒకేసారి తినడం మళ్ళీ మొదలైంది. నాన్నగారు ఆ తర్వాత చాలా ఏళ్ళు ఉన్నారు. నేను బడికి వెళ్ళిన పూట అమ్మ చేసేది, ఇప్పుడు అది నా బదులుగా కాబట్టి ఆవిడకి అభ్యంతరం లేదు. నాన్నగారు ఒక్క పూట కూడా ఆమెన్ మానలేదు. ఆమెన్ తప్ప ఇంకో మాట అనలేదు. చర్చిలో కీర్తన పాడేటప్పుడు మాత్రం పెదవులు కదలడం పక్కనుంచి చూశాను. ఏ పాటకో, ఏ చరణానికో అడగలేదు.

ఇప్పుడు వాళ్ళిద్దరూ లేరు. నాకు ప్రార్థన బాగా వస్తుందని సంఘంలో పేరు. కూడికలకి పిలుస్తారు, జబ్బుగా ఉన్నవాళ్ళ ఇళ్ళకి తీసుకెళతారు. ఉద్యోగాలు పోయినవాళ్ళు, బిడ్డలు పోయినవాళ్ళు, ఈ స్థితిలో దేవుడికి ఏమని కృతజ్ఞత చెప్పమంటారండీ అని అడుగుతారు. వాళ్ళ ముందు వాళ్ళకి పోయినవేవీ నేను చదవను. ఈ పూట ఎవరు ఇంటికొచ్చారు, పొయ్యి మీద ఏముంది అని అడుగుతాను. అక్కణ్ణుంచి మొదలుపెడతాను. ఎవరి నోట విన్నారో గానీ, మునసబుగారమ్మాయి ప్రార్థన వినాలి అంటారు వాళ్ళు. వాళ్ళు ఆయనది వినలేదు.

నేను వినాలనుకున్న గొంతు ఒకటుంది, అది ఇంక వినపడదు. అయినా ప్రతి పూటా బల్ల మీద ఉన్నవన్నీ పేరుపేరునా చెబుతూనే ఉన్నాను. కళ్ళు మూసుకున్న వెంటనే మాత్రం మొదలుపెట్టను. మా ఇంటికి భోజనానికి వచ్చినవాళ్ళు నేను మాటలు వెతుక్కుంటున్నాననుకుంటారు. నాన్నగారు మొదలుపెట్టడానికి ఎంతసేపు పట్టేదో అంతసేపు ఆగుతాను. తర్వాత, ఆయన మొదలుపెట్టలేదు కాబట్టి, నేను మొదలుపెడతాను.